నడుము నొప్పి మాత్ర అలవాటుగా మారినప్పుడు: ఏ మందును ఎలా మానాలి, ఎవరిని ఆశ్రయించాలి

ఒడిశాలోని బరంపురంలో గుంట మగ్గం మీద పట్టు నేసే దేవాంగుల ఇళ్ళలోనూ, గోపాలపురం, ఆర్యపల్లి ఒడ్డున వలలు లాగే తెలుగు మత్స్యకారుల ఇళ్ళలోనూ, పర్లాకిమిడి, గుణుపురం చుట్టుపక్కల పొలం పని చేసుకొనే కుటుంబాల్లోనూ నడుము నొప్పి లేని ఇల్లు అరుదు. నొప్పి ఎక్కువైన రోజున మందుల షాపుకు వెళ్ళి "నరం పట్టేసింది, ఏదైనా ఇవ్వండి" అని అడగడం, అక్కడ ఇచ్చిన మాత్ర వేసుకొని మర్నాడు పనికి వెళ్ళడం మన దగ్గర ఎంత మామూలైపోయిందంటే, అయిదు రోజులకని మొదలుపెట్టిన మాత్ర అయిదేళ్ళు దాటినా అది అలవాటు అని ఎవరికీ తోచడం లేదు. సారాకు బానిసైన మనిషిని ఊరంతా గుర్తుపడుతుంది. మాత్రకు బానిసైన మనిషి మాత్రం పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకొని, పనికి వెళుతూనే ఉంటాడు.

మా మేనమామ నలభై ఏళ్ళు మగ్గం నేశారు. డాక్టరు రెండు వారాలకు రాసిన మాత్రను ఆయన మూడేళ్ళకు పైగా వాడారు, పూటకు ఒకటి రెండయింది. సోంపేటలో బంధువుల పెళ్ళికి వెళ్ళినప్పుడు మాత్రలు ఇంటి దగ్గరే మరిచిపోయారు. మొదటి రాత్రి నిద్ర లేదు. రెండో రోజున చేతులు వణికాయి, ఒళ్ళు కాలింది, ఎదురుగా లేని మనుషులతో మాట్లాడడం మొదలుపెట్టారు. పెళ్ళివారి ఇంట్లో గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. మూడో రోజున ఆసుపత్రికి తీసుకువెళ్ళాక అక్కడి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "ఈయన ఏ మందు మానేశారు?" అని. ఆ ప్రశ్న ముందే మాలో ఒకరికి తట్టి ఉంటే ఆ రెండు రోజుల నరకం తప్పేది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

నన్ను చాలామంది "ఈ మాత్రల్లో ఏది మంచిది?" అని అడుగుతారు. అలవాటు పడిన మనిషికి ఆ ప్రశ్న వల్ల ఉపయోగం లేదు. తాను వేసుకొంటున్నది ఏ మందు, దాన్ని ఏ పద్ధతిలో మానాలి, ఆ పద్ధతిని నడిపించగలవారు తనకు అందుబాటులో ఎవరున్నారు అన్న మూడింటిని ఈ వరుసలోనే తేల్చుకోవాలి.

స్ట్రిప్పు వెనక ఉన్న పేరు

కండరాలను సడలించే మందులన్నీ ఒకే జాతికి చెందినవి కావు. కంపెనీ పెట్టిన పేరు పెద్ద అక్షరాల్లోనూ, అసలు మందు పేరు చిన్న అక్షరాల్లోనూ ఉంటుంది, మనకు కావలసింది ఆ చిన్న అక్షరాలు. షాపులో స్ట్రిప్పును కత్తిరించి నాలుగు మాత్రలు ఇచ్చినప్పుడు పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది కాబట్టి, పేరు, గడువు తేదీ ఉన్న వైపే ఇమ్మని అడగడం, లేదా పూర్తి స్ట్రిప్పు కొనడం మొదటి జాగ్రత్త.

మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించేది క్లోర్‌జోక్సజోన్. ఇది ఒంటరిగా దొరకడం తక్కువ, డైక్లోఫెనాక్ లేదా ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్‌తో కలిపి ఒకే మాత్రగా వస్తుంది. శరీరం దీనికి లొంగిపోయే గుణం తక్కువ, మానేసినందువల్ల మూర్ఛలు, భ్రమలు రావడం సాధారణంగా ఉండదు. కానీ అరుదుగా కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీస్తుంది. కొందరిలో మూత్రం నారింజ రంగులోకో, ఎర్రని ఊదా రంగులోకో మారుతుంది, అదొక్కటే అయితే భయపడనక్కర లేదు గాని కళ్ళు పచ్చబడి, ఆకలి చచ్చి, ఒంటి దురద తోడైతే వెంటనే ఆపి చూపించుకోవాలి. అయితే ఈ మాత్రలో నా భయమంతా క్లోర్‌జోక్సజోన్ గురించి కాదు, దానితో కలిసి ఉన్న నొప్పి మందు గురించి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస మండలాల ఉద్దానం మనకు పొరుగే, వియ్యం అందుకొనేదీ అక్కడివారితోనే. అక్కడి కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలలేదు కాబట్టి నొప్పి మాత్రలే ఆ జబ్బు తెచ్చాయని నేను అనను. కానీ కిడ్నీ ఇప్పటికే బలహీనపడిన మనిషికి డైక్లోఫెనాక్ వంటివి రోజూ వేస్తే మిగిలిన బలం కూడా పోతుందన్నది వైద్యంలో స్థిరపడిన విషయం. ఉద్దానంలో పుట్టి బరంపురం కాపురానికి వచ్చిన ఆడపడుచులు, అక్కడినుంచి వలస వచ్చిన మేస్త్రీలు ఈ కలగలుపు మాత్ర నెలల తరబడి వాడుతున్నట్టయితే, కిడ్నీల పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్ రక్తపరీక్ష ఒక్కసారి చేయించుకోవడం మాత్ర మానడం కన్నా ముందు జరగవలసిన పని.

థయోకాల్చికోసైడ్ ఈ మధ్య బాగా ఎక్కువైంది, ఇదీ ఎసిక్లోఫెనాక్‌తో జంటగానే వస్తుంది. మత్తు తక్కువని, పనికి అడ్డం రాదని జనానికి దీని మీద మంచి అభిప్రాయం ఉంది. అయితే ఇది శరీరంలో మారి ఏర్పడే ఒక పదార్థం విభజన చెందే కణాల్లో క్రోమోజోముల సంఖ్యను తారుమారు చేయగలదని గుర్తించి, యూరోపియన్ మందుల సంస్థ 2013లో దీనికి గట్టి హద్దులు పెట్టింది. నోటి ద్వారా 8 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, అదీ 7 రోజులకు మించకూడదు. సూది మందుగా అయితే 5 రోజులే. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, 16 ఏళ్ళలోపు పిల్లలకు ఇవ్వకూడదు. గర్భం దాల్చే వయసులో ఉండి గర్భనిరోధం పాటించని స్త్రీలకు కూడా ఇవ్వకూడదు. మూర్ఛ జబ్బు ఉన్నవారిలో ఫిట్స్ తెప్పించే గుణం కూడా దీనికి ఉంది. దీన్ని నెలల తరబడి వాడేందుకు ఏ సమర్థనా లేదు.

టిజానిడిన్ విషయంలో జాగ్రత్త వేరు. ఇది వెన్నుపాములోని నరాల సంకేతాలను తగ్గించి కండరాన్ని వదులుచేస్తుంది, దానితోపాటు రక్తపోటును కూడా దించుతుంది. ఎక్కువ మోతాదు చాలాకాలం వాడి హఠాత్తుగా ఆపితే బీపీ, గుండె వేగం ఒక్కసారి పైకి ఎగబాకుతాయి, కండరాలు మునుపటి కన్నా గట్టిగా బిగుసుకొంటాయి. అందుకే రోజుకు 2 నుంచి 4 మిల్లీగ్రాముల చొప్పున తగ్గించుకొంటూ రావాలి. ఇంకొక సంగతి ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి: టిజానిడిన్ వాడుతున్న మనిషి సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకోకూడదు. విరేచనాలకో, మూత్రంలో మంటకో మన షాపుల్లో చీటీ లేకుండానే చేతిలో పెట్టే మాత్ర అది. ఈ రెండూ కలిస్తే టిజానిడిన్ రక్తంలో ఎన్నో రెట్లు పెరిగి, బీపీ పడిపోయి మనిషి కూలిపోవచ్చు.

బాక్లోఫెన్ మా మేనమామ వాడిన మందు. వెన్నుపాముకు దెబ్బ తగిలినవారికి, మెదడు, వెన్నుపాము జబ్బుల వల్ల కాళ్ళూ చేతులూ బిగుసుకొన్నవారికి ఇది నిజంగా మేలు చేస్తుంది, మామూలు నడుము నొప్పికి దీని అవసరం చాలా అరుదు. అకస్మాత్తుగా ఆపితే భ్రమలు, జ్వరం, బిగుసుకుపోవడం, మూర్ఛలు వస్తాయి, ప్రాణం పోయిన సందర్భాలు కూడా వైద్య సాహిత్యంలో ఉన్నాయి. కనీసం ఒకటి రెండు వారాల మీద తగ్గించాలని మందు సూచనలే చెబుతాయి, ఏళ్ళ తరబడి వాడినవారికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. పైగా ఇది ప్రధానంగా కిడ్నీల ద్వారానే బయటకు పోతుంది. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి చిన్న మోతాదు కూడా ఒంట్లో నిలిచిపోయి, మాట తడబడడం, పొంతన లేకుండా మాట్లాడడం, స్పృహ తప్పడం వరకూ తీసుకువెళ్ళగలదు. డయాలసిస్ మీద ఉన్నవారికి ఈ మందు కొత్తగా రాసి ఉంటే, ఆ చీటీని కిడ్నీ డాక్టరుకు చూపించి నిర్ధారించుకోకుండా ఒక్క మాత్ర కూడా వేయవద్దు.

కారిసోప్రొడాల్ అలవాటు విషయంలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ఇది శరీరంలోకి వెళ్ళాక మెప్రోబమేట్‌గా మారుతుంది. మెప్రోబమేట్ 1950లలో ఆందోళనకు మందుగా ప్రపంచమంతా అమ్ముడుపోయి, ఆ తర్వాత వ్యసనంగా మారుతుందని తేలి, అంతర్జాతీయ నియంత్రణలోకి వెళ్ళిన పదార్థం. మనిషి నడుము కోసం వేసుకొంటున్నానని అనుకొంటాడు, మెదడు మాత్రం ఆ నిమ్మళం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. రెండు మూడు వారాలకు మించి వాడకూడదని దీని సూచనల్లోనే ఉంది. యూరప్‌లో 2007లో దీన్ని మార్కెట్ నుంచి తప్పించమని మందుల సంస్థ సిఫారసు చేసింది, అమెరికా 2012 జనవరిలో నియంత్రిత మందుల జాబితాలో చేర్చింది. టాపెంటడాల్ అనే మత్తు నొప్పి మందుతో దీన్ని కలిపి మన దేశంలో తయారుచేసిన మాత్రలు పశ్చిమ ఆఫ్రికా యువతను ఎలా పాడుచేస్తున్నాయో 2025 ఫిబ్రవరిలో బీబీసీ బయటపెట్టిన తర్వాత, భారత ప్రభుత్వం ఆ కలయిక ఎగుమతి అనుమతులను రద్దు చేసింది. అటువంటి మాత్ర ఎవరి చేతిలోనైనా కనిపిస్తే దాన్ని నొప్పి మందుగా భావించవద్దు.

నిద్రకు, ఆందోళనకు కూడా ఇచ్చే డయాజెపామ్ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దీని అలవాటు గురించి చాలామందికి తెలుసు. ఇది డాక్టరు చీటీ ఉంటేనే అమ్మవలసిన మందుల జాబితాల్లో ఒకటైన, 2014 మార్చి నుంచి అమలులో ఉన్న షెడ్యూల్ హెచ్1లోని మందు, అమ్మిన ప్రతిసారీ షాపువారు వేరే రిజిస్టరులో రోగి పేరు, రాసిన డాక్టరు పేరు నమోదు చేయాలి. ఇది చాలా నెమ్మదిగా తగ్గించవలసిన మందు: రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి, ఉన్న మోతాదులో 5 నుంచి 10 శాతం చొప్పున మొదలుపెట్టడం సురక్షితం.

ఏ పేరూ లేని కాగితం పొట్లంలో తెల్లవి, పచ్చవి, గులాబీ రంగువి కలిపి పూటకు నాలుగు చొప్పున కట్టి ఇచ్చే మాత్రల సంగతి వీటన్నిటికన్నా కష్టం. అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది. రెండు రోజుల్లో నొప్పి మాయమైపోవడం, ఆకలి విపరీతంగా పెరగడం, కొన్ని నెలలకు ముఖం ఉబ్బడం దాని ఆనవాళ్ళు. స్టెరాయిడ్‌ను కూడా హఠాత్తుగా ఆపకూడదు. పొట్లాన్ని పారేయకుండా అలాగే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి.

మానే పద్ధతుల్లో తేడా

"రేపటినుంచి ముట్టను" అని దేవుడి పటం ముందు ఒట్టు పెట్టుకొని మానేయడం మన ఇళ్ళలో అందరూ మెచ్చుకొనే పద్ధతి. బీడీకి అది పనికివస్తుంది. క్లోర్‌జోక్సజోన్, థయోకాల్చికోసైడ్ మాత్రమే వాడుతున్నవారికీ పెద్దగా హాని చేయదు. బాక్లోఫెన్, కారిసోప్రొడాల్, డయాజెపామ్ వాడుతున్న మనిషి మాత్రం ఆ ఒట్టు వల్లనే ఆసుపత్రి పాలవుతాడు. ఎక్కువ మోతాదులో టిజానిడిన్ వాడేవారికీ అదే వర్తిస్తుంది. మానేసిన రెండు మూడు రోజులకు వచ్చే వణుకును, భయాన్ని, నిద్రలేమిని చూసి ఇంట్లోవారు "నొప్పి తిరగబెట్టింది" అనుకొని మళ్ళీ మాత్ర ఇస్తారు, మనిషికేమో ఆ మాత్ర లేకుండా బతకలేనన్న నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. మనోబలం చాలలేదని అతన్ని తిట్టడం అన్యాయం.

ఒక మాత్ర మాని అదే పనికి వాడే ఇంకొక మాత్రకు మారడం మరొక పద్ధతి. షాపులో దొరికే సలహా తరచు ఇదే. కారిసోప్రొడాల్ అలవాటును టిజానిడిన్ తీర్చలేదు, ఎందుకంటే రెండూ పనిచేసే తీరు వేరు. మొదటిదాని లోటు వల్ల వచ్చే మూర్ఛను రెండోది ఆపదు. మార్పిడి అవసరమని డాక్టరు నిర్ణయించిన సందర్భాలు ఉంటాయి గాని, ఆ లెక్క షాపు బల్ల మీద కట్టేది కాదు.

నేను ఎక్కువమందికి సూచించేది డాక్టరు పర్యవేక్షణలో ఇంటి దగ్గరే ఉంటూ మెట్లుమెట్లుగా తగ్గించుకోవడం. ఒకే రకం మందు వాడుతున్నవారికి, గతంలో ఫిట్స్ రానివారికి, తాగుడు లేనివారికి, మాత్రలు తన దగ్గర ఉంచుకొని రోజుకింతని లెక్కగా ఇవ్వగల మనిషి ఇంట్లో ఉన్నవారికి ఇది సరిపోతుంది. ఆ చివరి షరతు చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఫలితమంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. మా ఇంట్లో ఆ పని అత్తయ్య చేసింది. వారానికి సరిపడా మాత్రలు మాత్రమే తెచ్చుకోవడం, తగ్గించిన ప్రతిసారీ క్యాలెండరు మీద గుర్తు పెట్టడం, నిద్ర ఎలా పట్టిందో ఒక్క వాక్యం రాసుకోవడం చేస్తే, తరువాతిసారి డాక్టరు మోతాదు ఎంత తగ్గించాలో ఊహ మీద కాకుండా ఆధారంతో చెప్పగలుగుతారు. ఒక మెట్టు దగ్గర వణుకు, భయం ఎక్కువైతే అక్కడే ఆగి, కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ దిగవచ్చు. ఆగడం ఓటమి కాదు.

ఆసుపత్రిలో చేరి మానడం కొందరికి తప్పనిసరి. మాత్రలతోపాటు రోజూ సారా, కల్లు, ఇప్పసారా తాగేవారు, రెండు మూడు మత్తు మందులు కలిపి వాడేవారు, గతంలో ఫిట్స్ వచ్చినవారు, గర్భిణులు, కిడ్నీ లేదా కాలేయం దెబ్బతిన్నవారు, చనిపోవాలన్న ఆలోచన వస్తోందని చెప్పేవారు ఇంట్లో ప్రయత్నించకూడదు. మద్యం, ఈ మాత్రలు కలిసినప్పుడు ఊపిరి నెమ్మదించి నిద్రలోనే ప్రాణం పోయే ప్రమాదం ఉందన్నది రాత్రి వేటకు వెళ్ళే మత్స్యకారుల కుటుంబాలు మరీ మరీ గుర్తుంచుకోవాలి. లేపినా లేవకుండా గురక పెడుతూ, ఊపిరి మధ్యలో ఆగుతున్న మనిషిని "పడుకోనీ" అని వదిలేయక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోన్ చేయాలి.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి

ఊళ్ళోని ఆర్‌ఎంపీ మనకు దగ్గర, తెలుగులో మాట్లాడతాడు, అర్ధరాత్రి పిలిచినా వస్తాడు. నేను వారిని తక్కువ చేయను. కానీ అలవాటు మాన్పించే లెక్క ఆయన శిక్షణలో భాగం కాదు. ఎముకల డాక్టరు నొప్పికి కారణం కనిపెట్టడానికి అవసరం. కాలు బలహీనపడుతుంటే, మలమూత్రాల మీద అదుపు పోతే, తొడల మధ్య మొద్దుబారితే, జ్వరంతో బరువు తగ్గుతుంటే ఆయన్నే ముందు కలవాలి, ఆఖరి లక్షణాలు వెన్నుపూస క్షయవి కూడా కావచ్చు. మాత్ర మానడానికి మాత్రం మానసిక వైద్య విభాగం సరైన చోటు. "పిచ్చి డాక్టరు దగ్గరికా?" అన్న సిగ్గు వల్ల ఎందరో అక్కడికి వెళ్ళడం లేదు. ఈ మందుల అలవాటును రోజూ చూసేది ఆ విభాగం డాక్టర్లే, మోతాదు తగ్గించే పద్ధతి బాగా తెలిసినదీ వారికే.

గంజాం జిల్లావారికి బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి దగ్గర. ఓపీ చీటీ తీసుకొని నేరుగా ఆ విభాగానికే వెళ్ళవచ్చు. నిరామయ పథకం కింద మందులు ఉచితంగా ఇచ్చే కౌంటరు ఆసుపత్రిలోనే ఉంటుంది. కొరాపుట్, జయపురం వైపు వారికి కొరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఉంది. పర్లాకిమిడి, రాయగడ వారు ముందు జిల్లా ఆసుపత్రిలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం డాక్టరు ఏ రోజుల్లో చూస్తారో కనుక్కోవడం మంచిది. చేరవలసి వస్తే, తెలుగులోనే అన్నీ వివరించుకోవాలనుకొనేవారికి విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఒక మార్గం. రైలు సౌకర్యం ఉంది గాని, తగ్గించే క్రమంలో పదేపదే వెళ్ళాలి కాబట్టి కూలీ పోగొట్టుకొనే కుటుంబానికి ఆ దూరం భారమవుతుంది. దగ్గరి ఆసుపత్రికి పదిసార్లు వెళ్ళగలగడం, దూరపు పెద్ద ఆసుపత్రికి ఒకసారి వెళ్ళి రావడం కన్నా మేలని నా అభిప్రాయం. కిడ్నీ సమస్య తేలితే, 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రి సరిహద్దు అవతల ఉంది.

వెళ్ళే ముందు ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు, ఖర్చు లేదు. మత్తు అలవాట్ల కోసమే ఉన్న జాతీయ సహాయ నంబరు 14446. ఫోన్‌లో మోతాదు తగ్గింపు మొత్తం జరగదు గాని, మీ పరిస్థితి ఇంట్లో మానేదా, చేరవలసినదా అన్నది తేల్చుకోవడానికి అది సాయపడుతుంది.

మాత్ర పోతే నొప్పికి ఏమిటి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుము నొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో కండరాలు సడలించే మందులను మామూలుగా వాడవద్దని సూచించింది. నడుము పట్టీలను, బరువులు కట్టి లాగే ట్రాక్షన్‌ను కూడా వద్దంది. వ్యాయామం, నొప్పి గురించి అవగాహన, మర్దన వంటి చికిత్సలు, ఆలోచనా విధానాన్ని సరిదిద్దే మానసిక చికిత్స మేలని చెప్పింది. కొత్తగా పట్టేసిన నొప్పికి కొద్ది రోజుల పాటు ఈ మాత్రలు ఇవ్వడంలో తప్పు లేదు, వేడి కాపడం కూడా ఉపశమనం ఇస్తుంది. ఫిజియోథెరపిస్టు దగ్గర యంత్రాల కింద పడుకోవడానికి డబ్బు కట్టడం కన్నా, రెండు మూడుసార్లు వెళ్ళి మీ పనికి తగ్గ వ్యాయామాలు నేర్చుకొని ఇంటి దగ్గర చేసుకోవడం చవక, ఫలితమూ ఎక్కువ.

మా మేనమామ బాక్లోఫెన్ మళ్ళీ మొదలుపెట్టి, అక్కడినుంచి రెండున్నర నెలల్లో మానారు. ఆఖరి సగం మాత్ర దగ్గరే మూడు వారాలు పట్టింది. నొప్పి పూర్తిగా పోలేదు. మగ్గం గుంటలో కూర్చొనే పీట ఎత్తు పెంచారు, మూరెడు నేసి ఒకసారి పైకి వచ్చి వీధి చివరిదాకా నడిచి వస్తున్నారు, దానివల్ల చీర పూర్తికావడానికి ఒకటి రెండు రోజులు ఎక్కువ పడుతోంది. మజూరీ ఇచ్చే షావుకారుకు ఆ సంగతి అత్తయ్యే వెళ్ళి చెప్పింది.